ఈసారి ‘బాగుంది’ అని వదిలేయకండి

బరంపురంలో మా దగ్గర పచ్చళ్ళు కొంటున్న అందరికీ నమస్కారం.

కొత్త కాయ రాబోతోంది, జాడీలు కడిగి ఎండబెడుతున్నాం. ఆవకాయ కలపకముందే మీతో ఒక మాట. కిందటేడు పచ్చడి ఎలా ఉందని అడిగితే దాదాపు అందరూ "బాగుందండీ" అన్నారు. సంతోషమే. కానీ ఆ మాటతో ఈ ఏడు ఉప్పు ఎంత వెయ్యాలో, ముక్క ఎంత సైజు కొట్టించాలో నాకు తెలీదు. అందుకే ఈమధ్య "సీసా అడుగున ఏం మిగిలింది?" అని అడుగుతున్నాను.

అప్పుడు అసలు సంగతులు బయటికొచ్చాయి. ఒక పెద్దావిడ ఇంట్లో టెంక ముక్కలన్నీ అలాగే ఉన్నాయి. కొరకలేక పిండి మాత్రమే అన్నంలో కలుపుకున్నారట. టెంక లేకపోతే ఆవకాయ ముక్క మెత్తబడిపోతుంది, అది తియ్యలేను. అలాంటివాళ్ళ కోసం ఈసారి మాగాయ, తురుము పచ్చడి ఎక్కువ పెడుతున్నాను. ఇంకో ఇంట్లో కార్తీకమాసమంతా సీసా మూతే తియ్యలేదు, అందులో వెల్లుల్లి ఉంది కదా. ఇకనుంచి వెల్లుల్లి వెయ్యనిది విడిగా దొరుకుతుంది.

రుచి దగ్గరికొస్తే మాత్రం ఇద్దరు ఒక్కటి చెప్పరు. ఇచ్ఛాపురం వైపు వాళ్ళకి కారం చాలదు. ఆంబ ఖట్టాతో, అంటే ఒడియా వాళ్ళ తీపి-పులుపు మామిడి పచ్చడితో, పెరిగిన ఇళ్ళవాళ్ళకి పులుపుతో పాటు తీపి తగలాలి. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, తర్వాత ఒడిశాలో కలిసిన ఊరు మనది, రెండు రుచులూ ఇక్కడివే. రెండింటినీ ఒకే జాడీలో సర్దబోతే ఎవరికీ నచ్చదు. అందుకని కారం ఆవకాయని ఏమీ మార్చను, బెల్లం ఆవకాయ ఇంకాస్త ఎక్కువ పెడతాను.

ఉప్పు విషయంలో మాత్రం మీరు అడిగినట్టు చెయ్యలేను. బీపీ ఉంది, సగం తగ్గించమని కొందరు అడిగారు. ఏడాది నిలవుండాల్సిన పచ్చడిలో ఉప్పు అంత తగ్గితే వానాకాలంలో బూజు పడుతుంది. బదులుగా ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలోపు తినేసే మామిడి ముక్కల పచ్చడిని తక్కువ ఉప్పుతో, చిన్న డబ్బాలో కలిపి ఇస్తాను. ముందురోజు చెబితే చాలు.

"ఘాటు ముక్కుకెక్కుతోంది" అన్నవాళ్ళని ఎప్పుడు తెరిచారని అడిగితే, కలిపిన మూడోరోజే! ఆవపిండి ఊరి సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈసారి ప్రతి సీసా మీద కలిపిన తేదీ రాస్తాం. ఏదైనా చెప్పేటప్పుడు ఆ తేదీ కూడా చెప్పండి.

నలుగురిలో చెప్పడానికి మొహమాటమైతే ఫోన్ చెయ్యండి, లేదా ఖాళీ సీసాలో చీటీ పెట్టి ఇవ్వండి. తెలుగులో రాసినా ఒడియాలో రాసినా చదువుతాను, ఎవరు రాశారో బయటపెట్టను. ముదిరిన పుల్లకాయ బజారుకు రాగానే ముక్కలు కొట్టించేస్తాం. ఆలోపు చెబితే మీరు కోరిన మార్పు ఈ ఏటి పచ్చడిలోనే చేస్తాను.