మంత్రిదొంగకి, పలెర్మో నుంచి

ఒరేయ్ మంత్రిదొంగా,

తిట్లన్నీ ముందే తిట్టేయ్, పడతాను. నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టడం మానేశాను. మీ నాన్నగారి సంవత్సరీకానికి కూడా రాలేకపోయాను. అమ్మతో ఫోన్లో మాట్లాడాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా బాధగా ఉంది. సరే, ఆ సంగతి ఎదురుగా కూర్చున్నప్పుడు.

మా ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అందరం బాగున్నాం. స్టుట్‌గార్ట్‌లో చలి ఇంకా వదల్లేదు. మా ఆవిడ ఉద్యోగం మారింది, జీతం పెరిగింది, నిద్ర తగ్గింది. నా బీపీ అదుపులోనే ఉంది, ఆవకాయ మాత్రం మానలేదు. మావాడు చదరంగంలో నన్ను ఓడిస్తున్నాడు. నువ్వేం మురిసిపోకు, నీ దగ్గర నేర్చుకున్న ఆటే కదా నేను వాడికి నేర్పింది. కబుర్లు సమాప్తం.

రైల్లో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు గెంతుతుంటే కళ్లద్దాలు మార్చుకోవాలేమో అని కంగారుపడకు. ఇది ఇటలీలోని సిసిలీ దీవిలో ఉన్న పలెర్మో నుంచి రోమ్ వెళ్లే రాత్రి రైలు. విమానం ఉండగా రైలెందుకంటావా? మెసీనా దగ్గర ఈ రైలుని ముక్కలుగా విడదీసి ఓడలోకి ఎక్కిస్తారట. జలసంధి దాటించి అవతలి ఒడ్డున మళ్లీ పట్టాల మీదికి దింపుతారట. అది విన్నప్పటి నుంచి మావాడు విమానం పేరు ఎత్తనివ్వలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒరేయ్, చర్చి కప్పు మీద ఇద్దరు కూర్చుని చదరంగం ఆడుతున్నార్రా!

నిజం. బొమ్మ. 1140ల నాటిది. చదరంగం ఆడే మనుషుల్ని గీసిన బొమ్మల్లో, ప్రపంచంలో మిగిలిన అతి పాతవాటిలో ఇదొకటట. దాన్ని చూసిన క్షణం నుంచీ నీకు చెప్పాలని నా కడుపు ఉబ్బిపోతోంది. ఫోన్లో చెబితే "ఓహో" అని పెట్టేస్తావు, నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి నుంచీ చెబుతాను, ఆగు.

ఊరంతా నడిపించి చూపించే ఒకావిడ ఉంది, రిటైరైన హిస్టరీ టీచరు. చేతిలో మడిచిన గొడుగు పట్టుకుని, అది పైకెత్తితే అందరం వెనకాల పోవాలి. పొద్దున్నే నాలుగు వీధులు కలిసే క్వాత్రో కాంతీ దగ్గర మొదలైంది. 1600ల మొదట్లో కట్టిన కూడలి. నాలుగు మూలల భవనాలూ లోపలికి వంపు తిరిగి ఉంటాయి. ఒక్కోదాని మీద కింద ఒక ఋతువు, పైన ఒక స్పెయిన్ రాజు, ఆ పైన ఊరిని కాపాడే ఒక పుణ్యస్త్రీ. బాగుంది. పక్కనే ఒక ఫౌంటెన్ ఉంది, నిండా బట్టల్లేని పాలరాతి బొమ్మలు. ఫ్లోరెన్సులో ఎవరి తోట కోసమో చేయించినదాన్ని ఈ ఊరి వాళ్లు కొని, విడగొట్టి ఓడల్లో తెప్పించుకున్నారు. 1574లో దిగింది. జనం ఆ చోటికి సిగ్గుల చావడి అని పేరు పెట్టారు. నాకైతే ఏం నచ్చలేదు, ఆ చిన్న జాగాలో అంత సంత అనవసరం. మా ఆవిడకి నచ్చింది. ఫొటోలు ఆవిడ దగ్గరున్నాయి, అడుగు.

తర్వాత మార్తొరానా అనే చర్చి. దాన్ని కట్టించింది రాజుగారి నౌకాదళాధిపతి, సిరియా నుంచి వచ్చిన ఆంటియోక్ జార్జి, 1143లో. లోపల రెండు మొజాయిక్‌లు. ఒకదాంట్లో సాక్షాత్తూ క్రీస్తే రోజర్ రాజు నెత్తిన కిరీటం పెడుతున్నాడు. మధ్యలో పోపు ఎవరూ లేరు, చూసుకో రాజకీయం! ఇంకోదాంట్లో జార్జి మేరీమాత కాళ్ల దగ్గర సాష్టాంగపడ్డాడు. తల, చేతులు బయటికి పెట్టిన తాబేలులా ఉన్నాడు పాపం. అంత పెద్ద సేనాని. మన వార్డెన్ ఆ రోజు వైస్ చాన్సలర్ గారి ముందు వంగిన వంగుడు గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను, టీచరమ్మ గొడుగు నావైపు తిరిగింది.

ఈ రోజర్ ఎవడో రెండు ముక్కల్లో చెబుతా, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పలెర్మోని 831లో అరబ్బులు పట్టుకున్నారు. 1072లో ఉత్తర ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు లాక్కున్నారు. రెండో రోజర్ 1130 క్రిస్మస్ రోజున ఇక్కడే రాజయ్యాడు. గెలిచినవాళ్లు పాతవాళ్ల పనివాళ్లని తరిమెయ్యలేదు, పెట్టుకున్నారు. గుమాస్తాలు అరబ్బులు, మొజాయిక్ పని గ్రీకులది, ప్రార్థన లాటిన్‌లో. 1142లో రోజర్ ఒక నీటి గడియారం చేయిస్తే, ఆ శిలాఫలకం మూడు భాషల్లోనూ చెక్కించాడు. కోటలో చర్చి బయట గోడకి ఇప్పటికీ ఉంది. ఇద్రీసీ అని ఒక అరబ్ పండితుణ్ణి కూర్చోబెట్టి ప్రపంచ భూగోళం రాయించాడు, 1154లో పూర్తయింది. అందులో పటాలన్నీ తలకిందులు, దక్షిణం పైన. మన సోషల్ మాస్టారు చూసి ఉంటే ఇద్రీసీని కూడా బెంచీ ఎక్కించేవారు.

ఇక కోట. పైన సిసిలీ శాసనసభ నడుస్తుంది, అది ఉన్న రోజుల్లో కొన్ని గదులు చూడనివ్వరు. మాకు కావలసింది మొదటి అంతస్తులో ఉన్న రాజుగారి సొంత చర్చి, కపెల్లా పలతీనా. 1132లో మొదలుపెట్టి 1140లో ప్రతిష్ఠ చేశారు. లోపల అడుగు పెడితే ముందు బంగారం తప్ప ఏమీ కనపడదురా. గోడలు బంగారం, తోరణాలు బంగారం, గుమ్మటంలో క్రీస్తు వెనక బంగారం. టీచరమ్మ గుమ్మం దగ్గరే సంచీలోంచి ఒక చిన్న గాజు బిళ్ల తీసి మావాడి అరచేతిలో పెట్టింది. చూపించడానికి తెచ్చుకున్న కొత్త బిళ్ల, గోరంత. పక్క నుంచి చూస్తే మామూలు గాజు. రెండు గాజు పొరల మధ్య పలచటి బంగారు రేకు పెట్టి కాలుస్తారు, అందుకే గీసుకుపోదు. వాటిని గోడకి చదునుగా అతికించరు, ఒక్కోటి కాస్త అటూ ఇటూ వాలేలా గుచ్చుతారు. నువ్వు ఒక అడుగు వేస్తే గోడ మీద వెలుగు కూడా ఒక అడుగు వేస్తుంది. మావాడు ముందుకీ వెనక్కీ నడిచి నడిచి అందరికీ అడ్డం పడ్డాడు.

అప్పుడు ఆవిడ అడిగింది, "మీలో చదరంగం ఎవరికి వచ్చు?" అని. మావాడు చెయ్యెత్తాడు. మెడలో బైనాక్యులర్ తీసి వాడికిచ్చి, కప్పు చూపించి, "అక్కడ ఎక్కడో ఉంది, కనిపెట్టు" అంది. అంతే. ఎటువైపో చెప్పలేదు.

ఆ కప్పు ఎలా చెప్పాలి నీకు. చర్చి కప్పు కాదది, అరబ్ దేశాల్లో రాజభవనాలకీ మసీదులకీ చేసే ముఖర్నాస్ పని. మొత్తం చెక్క. చిన్న చిన్న గూళ్లు ఒకదాని మీంచి ఒకటి వేలాడుతూ, మధ్యలో ఎనిమిది కోణాల నక్షత్రాలు, అంచుల్లో అరబ్బీ అక్షరాల్లో దీవెనలు. ప్రతి గూట్లోనూ బొమ్మ. కింద నుంచి చూస్తే రంగు మరకల్లా ఉంటాయి, బైనాక్యులర్‌లో చూస్తే మనుషులు. గిన్నె పట్టుకుని తాగేవాళ్లు, వీణలాంటిది మీటేవాళ్లు, నాట్యగత్తెలు, మల్లయోధులు, డేగతో వేటకి పోయేవాళ్లు. కింద ఏసు, పేతురు, పౌలు. పైన కల్లు పార్టీ! ఎందుకంటే ఆ హాలు రెండో చివర రాజు సింహాసనం వేసుకుని కూర్చునేవాడు. అటువైపు పూజ, ఇటువైపు దర్బారు. దర్బారు అన్నాక విలాసాలు ఉండాలి కదా. నాకు ఈ ఏర్పాటు భలే నచ్చింది, మన హాస్టల్ గదిలో వెంకటేశ్వరస్వామి పటం కింద నువ్వు పెట్టుకున్న పేకముక్కలు గుర్తొచ్చాయి.

మావాడు వెతుకుతూనే ఉన్నాడు. గుంపు ముందుకెళ్లిపోయింది. మెడ నొప్పెట్టిందో ఏమో, వాడు ఏకంగా నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఆ నేల కూడా ఎర్రరాయి, పచ్చరాయి పొదిగిన పాలరాయి. కాపలా ఆయన పరిగెత్తుకొచ్చాడు. మా ఆవిడ నావైపు చూసిన చూపు నీకు తెలుసు. నాకు టెన్షన్. వాడు లేవకుండానే "చెస్, చెస్" అని కప్పు చూపించాడు. ఆయన కోపంగా ఏదో అనబోయి ఆగాడు. వాణ్ణి చెయ్యి పట్టి లేపి, రెండడుగులు పక్కకి జరిపి, భుజాలు పట్టుకుని తిప్పి, వేలు పెట్టి చూపించాడు.

"నాన్నా, ఉన్నారు!" అని వాడు అరిచిన అరుపుకి పైన తాగుతున్నవాళ్లు కూడా ఉలిక్కిపడి ఉంటారు.

నేనూ చూశాను. తలపాగాలు పెట్టుకుని ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నారు, మధ్యలో గళ్ల బల్ల. ఎవరి ఎత్తో, ఎవరు గెలుస్తున్నారో ఆ దూరం నుంచి చెప్పలేం. కానీ ఆ కూర్చోవడం ఉంది చూడూ. లోకం మునిగిపోయినా లేవం అన్నట్టు. మనమే.

మన దేశంలో పుట్టిన చతురంగం పర్షియా వెళ్లి, అరబ్బుల చేతిలో షత్రంజ్ అయి, వాళ్లతో సిసిలీ వచ్చి, ఒక క్రైస్తవ రాజు చర్చి కప్పెక్కింది. వరండాలో సుద్దముక్కతో గళ్లు గీసి మీ నాన్నగారు మనకి నేర్పిన ఆట. ఆయన ఉంటే ఈ పాటికి... పోనీలే.

అన్నట్టు నీకొక ఊరట. షత్రంజ్‌లో మంత్రి ఇప్పటిలా బల్లంతా పరిగెత్తేది కాదట. ఐమూలగా ఒక్క గడి, అంతే. దానికి ఈ బలం వచ్చింది 1400ల చివర్లో, ఐరోపాలోనే. అంటే రోజర్ కాలంలో కరెంటు పోయినప్పుడు ఎవడైనా మంత్రిని జేబులో వేసుకున్నా పెద్ద నష్టం లేదు. నువ్వు పుట్టడం ఆలస్యంగా పుట్టావురా.

ఒక్కటి మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. బయటికొచ్చాక మావాడు అడిగాడు, "ఆ బొమ్మలు గీసినవాళ్లు తర్వాత ఏమయ్యారు?" అని. టీచరమ్మ గొడుగు దించింది. రోజర్ మనవడు రెండో ఫ్రెడరిక్, అరబ్బీ వచ్చినవాడే, పండితుల్ని ఆదరించినవాడే, 1220లలో తిరుగుబాటు అణిచి, సిసిలీ ముస్లింలని ఇటలీ నేల మీద లూచేరా అనే ఊరికి తరలించేశాడు. కప్పు మాత్రం ఇక్కడే ఉంది. మావాడికి ఏం చెప్పాలో నాకు తెలీలేదు. ఆవిడే వాడి భుజం తట్టి బల్లారో బజారుకి తీసుకెళ్లింది. అక్కడ శనగపిండి ఉడికించి, పలచగా పరిచి, ముక్కలు కోసి నూనెలో వేయించి బన్నులో పెట్టిస్తారు, పనెల్లె అంటారు. నిమ్మకాయ పిండుకుని నిలబడే తినాలి. ఒక పచ్చిమిరపకాయ ఉంటే ఎంత బాగుండేదో! మా ఆవిడ బ్యాగులో కారప్పొడి ఉంది, తీసింది, కొట్టువాడు కూడా రుచి చూసి...

ఆగు, రైలు ఆగింది. మెసీనా అనుకుంటా. గొలుసుల చప్పుడు, బోగీని వెనక్కి నెడుతున్నారు. బయట చీకటి కాదు, ఇనుప గోడ! ఓడలోకి వచ్చేశాం. మావాడు పైకి డెక్కు మీదికి పోదామని చొక్కా పట్టి లాగుతున్నాడు. పెద్ద చర్చి వాకిట్లో ఖురాన్ వాక్యం చెక్కిన స్తంభం ఉంది, ఫ్రెడరిక్ ఎర్రరాతి సమాధి ఉంది, అవేమీ రాయనే లేదు. నువ్వు సంక్రాంతికి ఊళ్లో ఉంటావో లేదో వెంటనే తెలియజెయ్, టిక్కెట్లు కొనాలి. అమ్మకి

సరే, వాడు వెళ్లిపోతున్నాడు, ఉంటాను.

నీ బంటు