జాబితాలో ధర పక్కన బరువు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఉగాదికి పదిహేను రోజుల ముందు మీ ఆదివారం అనుబంధంలో వేసవి నడకలకు ఏమేం సర్దుకోవాలో చెబుతూ ఒక పేజీ వేశారు. బొమ్మలతో సహా ముప్పైకి పైగా వస్తువులు. ప్రతి బొమ్మ కిందా ధర ఉంది, బరువు మాత్రం ఒక్కదానికీ లేదు. దుకాణంలో కొనేటప్పుడు ధర ఒక్కసారే కడతాం. బరువు అలా కాదు, అడుగడుగునా కట్టాల్సిందే. ఈ సంగతి మీ దృష్టికి తెద్దామనే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే మన్నించండి, కుట్టుపనివాణ్ణి, కొలతలు చెప్పకుండా మాట్లాడలేను.

నాది ఆత్మకూరు. ముప్పై ఒక్క ఏళ్లుగా మిషను తొక్కుతున్నాను. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి భక్తులు వేలల్లో మా ఊరి మీదుగా శ్రీశైలానికి నడిచి పోతారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు, పసుపు కుంకుమలు, చీరె పెట్టడానికి వస్తారు. వెంకటాపురం దగ్గర అడవిలో దిగితే నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. నేనూ ఏటా వాళ్ల వెంట పోతాను. కుర్రవాళ్లు గబగబా పోతారు. నేను దారిలో రెండు రాత్రులు పడుకుని మూడో రోజు పొద్దున కొండ ఎక్కుతాను. ఉగాది మార్చి చివరికో ఏప్రిల్‌లోకో జరిగిన ఏడాది మా దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 2024లో పండుగ ఏప్రిల్ 9న వచ్చింది, ఆ ఏడు బండరాళ్ల మీద చెయ్యి పెట్టలేకపోయాం.

ఈసారి బెంగళూరులో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు "మామా, నేనూ వస్తా" అన్నాడు. మీ పేజీ కత్తిరించి దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కటీ టిక్కు కొట్టుకుంటూ కొన్నాడట. దుకాణంలో అడుగుపెట్టి సంచి కింద దించితే నా కటింగ్ బల్ల కదిలింది. పక్కన ఎరువుల కొట్టు కాటా మీద పెట్టించాను. 12 కిలోల 700 గ్రాములు. నీళ్లు పోయకముందు.

"ఏందిరా ఇది? కాపురం పెట్టడానికి పోతున్నామా?"

"అన్నీ అవసరమే మామా. పేపర్లో ఉన్నాయి."

అన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే కాటా మీద పెట్టాం. ఖాళీ సంచే 2 కిలోల 300. ఇద్దరు పడుకునే గుడారం 2 కిలోల 200. చలికి దూరి పడుకునే స్లీపింగ్ బ్యాగు ఒకటిన్నర కిలో. నల్లమలలో ఎండాకాలం రాత్రి దానిలో పడుకుంటే తెల్లారేసరికి ఉడికిపోతాడు. రెండు జీన్స్ ప్యాంట్లు కలిపి కిలో నాలుగు వందలు. మందపాటి టర్కీ టవలు ఆరు వందలు, తడిస్తే ఎంతవుతుందో దేవుడికే తెలియాలి. గ్యాస్ పొయ్యి, దానికో సిలిండరు, గిన్నె. పులుల అభయారణ్యంలో, అందులోనూ ఆకు రాలిన కాలంలో నిప్పు అంటించనివ్వరు కదరా అంటే, "అది పేపర్లో రాయలేదు" అన్నాడు.

వాణ్ణి ఏమీ అనలేను. నా మొదటి ఏడు నేనూ అంతే. స్టీలు క్యారియరు నిండా పులిహోర, జంపఖానా, మా ఇంటావిడ చుట్టిచ్చిన దిండు. నాగలూటి చేరకముందే దిండు ఒక ముసలాయనకు ఇచ్చేశాను. పాపం, ఆయనా దాన్ని ఎంత దూరం మోశాడో.

బరువు తగ్గించాలంటే ముందు తగ్గించాల్సింది సంచిని. లోపలి వస్తువుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. అరవై లీటర్ల సంచి చేతిలో ఉంటే అరవై లీటర్లూ నిండేదాకా మనసు ఊరుకోదు. "ఇంకా చోటు ఉంది కదా, ఇది కూడా ఉంటే మంచిది" అంటుంది. అందుకని నా సంచి నేనే చిన్నగా కుట్టుకున్నాను. పద్దెనిమిది అంగుళాల ఎత్తు, పదకొండు వెడల్పు, ఆరు లోతు. లెక్కేస్తే పంతొమ్మిది, ఇరవై లీటర్లు వస్తుంది. దాంట్లో పట్టనిది ఇంట్లో ఉండిపోతుంది, పేచీ లేదు.

గుడ్డ ఎక్కడిదంటారా? కమ్మీలు విరిగిన పెద్ద గొడుగు. ఆ గుడ్డలో ఎనిమిది త్రికోణాలు ఉంటాయి. కుట్లు విప్పి, నాలుగు ముక్కలను ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా పక్కపక్కన పెడితే దాదాపు దీర్ఘచతురస్రంలా పొడవాటి పట్టీ వస్తుంది. చివరి ముక్కను నడిమికి కోసి రెండు కొసలకూ అతికిస్తే వాలు కూడా పోతుంది. అదే సంచి ఒళ్లు. మిగిలిన నాలుగు ముక్కలు అడుగుకూ, జేబుకూ, భుజం దగ్గర రెండో పొరకూ సరిపోతాయి. మూతికి జిప్పు లేదు, నాడా దూర్చి బిగిస్తాను. జిప్పు బరువు, పైగా దుమ్ముకు ఇరుక్కుంటుంది. నవారు పట్టీలు, వాటిలోకి పాత సోఫా స్పాంజి ముక్కలు. అంతా కలిపి 210 గ్రాములు.

ఈ పని చేద్దామనుకునే దర్జీలకు ఒక మాట. గొడుగు గుడ్డ మిషను పాదం కింద జారుతుంది. జీన్స్ కుట్టే పదహారో నంబరు సూది వేయకండి, పదకొండు వేయండి. నూలు దారం వద్దు, పాలిస్టర్ దారమే పనికొస్తుంది. కుట్టు దగ్గరగా పడితే గట్టిగా ఉంటుందనుకుంటాం, ఈ గుడ్డ మీద తపాలా బిళ్లల చిల్లుల్లా తయారై వరసగా చిరుగుతుంది. అంగుళానికి ఎనిమిది చాలు. పట్టీ సంచికి కలిసే చోట మాత్రం లోపల రెండో పొర పెట్టి, పెట్టెలా కుట్టి మధ్యలో ఇంటూ వేయాలి. నేను మొదటి సంచికి ఈ రెండో పొర పెట్టలేదు. గ్రాముల పిచ్చి. భీముని కొలను లోయలోకి దిగుతుండగా ఎడమ పట్టీ పర్రున ఊడింది. రెండు పిన్నీసులతో బిగించి, తువ్వాలు మడత పెట్టుకుని, సంచి చంకలో పిల్లవాడిలా ఎత్తుకుని ఆ మెట్లన్నీ ఎక్కాను. రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించి పుణ్యం కట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ముప్పై ఏళ్ల దర్జీనని చెప్పుకునేవాడికి ఇది జరగాల్సిందే.

మావాడు ఇదంతా విని ఫోనులో వెతికి ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికా అవ్వ సంగతి చదివి వినిపించాడు. పదకొండు మంది పిల్లల తల్లి. 1955లో, అరవై ఏడేళ్ల వయసులో, అపలాచియన్ కొండదారి మొత్తం, జార్జియా రాష్ట్రం నుంచి మెయిన్ రాష్ట్రం దాకా మూడు వేల కిలోమీటర్లకు పైగా ఒంటరిగా నడిచిందట. గుడారం లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. డెనిమ్ గుడ్డతో తానే కుట్టుకున్న సంచి భుజాన వేసుకుని, ఒక దుప్పటి, వానకు స్నానాలగది ప్లాస్టిక్ తెర, కాళ్లకు కాన్వాస్ బూట్లు. ఇప్పుడు ఆ దేశంలో తేలిక సంచి నడక ఒక శాస్త్రమే అయిందట. తిండి, నీళ్లు, పొయ్యి ఇంధనం కాక మిగతా సంచి 10 పౌండ్ల లోపు, అంటే నాలుగున్నర కిలోల లోపు ఉంటే అల్ట్రాలైట్ అంటారట. బ్రష్షు పిడి కూడా కోసేసేవాళ్లు ఉన్నారని చెప్పి వాడు నవ్వాడు. నవ్వు సరే, ఆ పిడిలో ఉండేది నాలుగైదు గ్రాములు, నీ జీన్స్ ప్యాంటు ఏడు వందలు, ముందు దాన్ని తియ్యి అన్నాను.

వాళ్ల లెక్క ప్రకారం నా సంచి ఒకటిన్నర కిలో. వీపున సంచి పోగా అందులో లుంగీ 220 గ్రాములు. అదే పక్క మీద దుప్పటి, అదే బట్టలు మార్చుకునే తెర, అదే ఎండకు తలపాగా. పలచటి నూలు తువ్వాలు, ఇంకో చొక్కా, ఇంకో నిక్కరు. రెండు యూరియా సంచులు విప్పి కలిపి కుట్టిన పట్టా 220, తేళ్లూ చీమలూ ఉన్న నేల మీద పడుకోవడానికి దాన్ని మించింది లేదు. తలకు కట్టుకునే చిన్న టార్చి, ఫోను, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, సూదీ దారం, పిన్నీసులు, సబ్బు ముక్క. చిన్న డబ్బాలో కొబ్బరి నూనె తప్పనిసరి. దేనికో నడిచినవాళ్లకు తెలుసు. చెమటకు తొడలు ఒరుసుకుపోతే ఇరవై కిలోమీటర్లు నలభైలా ఉంటాయి.

తిండి సంగతిలో నాకు గురువులు ఆ కన్నడ అవ్వలే. కడక్ జొన్న రొట్టెలు, శేంగా చట్నీ పొడి, అంటే వేరుశనగ పొడి, బెల్లం. రొట్టె ఎండి పెళపెళలాడుతుంది, అప్పడంలా తేలిక, వారమైనా చెడదు. వండిన అన్నంలో మూడింట రెండు వంతులు నీళ్లే. క్యారియరులో పులిహోర మోయడమంటే నీళ్లు మోయడమే, అవీ దాహం తీర్చని నీళ్లు. వేరుశనగ వంద గ్రాముల్లో 560 దాకా కేలరీలు ఉంటాయి. రెండు రోజులకు నా మూట 900 గ్రాములు. దారిలో అన్నదానాలు ఉంటాయి, అయినా మన మూట మనకు ఉండాలి.

ఇక నీళ్లు. లీటరు నీళ్లు కిలో బరువు, దానికి ఏ దర్జీ ఏమీ చేయలేడు. ఒక ఏడు ఆ కిలో కూడా మిగిల్చుకుందామని ఒక్క బాటిలుతో పోయాను. పెచ్చెరువు దాటాక మిట్టమధ్యాహ్నం అది ఖాళీ అయింది. తొట్టి ఉంటుందనుకున్న చోట తొట్టి ఉంది, అడుగున తడి కూడా లేదు. కాసేపటికి చెమట ఆగిపోయింది, ఒళ్లు చల్లగా అనిపించింది. చెమట ఆగడం ఎంత ప్రమాదమో నాకప్పుడు తెలియదు. చెట్టు మొదట్లో కూలబడితే ఎవరో పెద్దావిడ, బీజాపూరు వైపు ఆమె, తన చెంబు నా నోటికి అందించి "కుడియప్పా, కుడి" అంది, తాగు నాయనా, తాగు అని. మొత్తం తాగించేదాకా కదల్లేదు. ఆమె మోసిన నీళ్లు అవి. అప్పటినుంచి రెండు లీటర్లు నింపుకుంటాను, దారిలో నీళ్లు కనిపించిన ప్రతిచోటా మళ్లీ నింపుతాను. వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు తేలికే, కానీ అవి అడవిలో పడి ఉండటం ఏటా చూస్తున్నాను. మందపాటి బాటిళ్లు రెండూ కలిపి 120 గ్రాములు, ఆ మాత్రం మోయొచ్చు.

మొత్తం నాలుగున్నర కిలోలు కూడా లేదు, తిండీ నీళ్లూ కలిపి. అమెరికావాళ్ల ఖాళీ సంచి లెక్క అంత. అలాగని వాళ్లకన్నా గొప్పవాణ్ణని కాదు, వాళ్లకు చలి ఉంది, వాన ఉంది. హిమాలయాల్లో కనుమలు దాటేవాళ్లు నా జాబితా పట్టుకుని పోవద్దు. అక్కడ జూన్‌లోనూ మంచు ఉంటుంది, తడిసిన నూలు బట్ట ప్రాణం మీదికి తెస్తుంది. మీ పేజీలో ఆ తేడా కూడా లేదు, అందరికీ ఒకటే మూట కట్టారు.

చివరికి మావాడిని నీళ్లతో కలిపి ఐదు కిలోల పైచిలుకుకు దించాను. నాకు పాత సంచి ఇంకొకటి ఉంటే అది తీసుకుని, కొత్తది వాడికిచ్చాను. పవర్ బ్యాంకు దగ్గర మాత్రం వాడు లొంగలేదు, నాలుగు వందల గ్రాములు, ఎంత చెప్పినా తియ్యలేదు. రెండో రాత్రికి నా ఫోను చచ్చింది. కొండ మీదికి చేరాక మా అక్కకు ఫోను చేసింది వాడి చార్జింగుతోనే. ఆ ఒక్కటీ వాడిదే గెలుపు, ఒప్పుకుంటున్నాను.

వచ్చే వేసవికి ఇలాంటి పేజీ వేస్తే ధర పక్కన గ్రాములు వేయండి. ఏ అడవికి, ఏ నెలకు, ఎన్ని రాత్రులకో కూడా రాయండి. చోటు చాలకపోతే బొమ్మలు తగ్గించండి.

వాడు నా గొడుగు సంచి వీపున వేసుకునే బెంగళూరు బస్సెక్కాడు, తిరిగి పంపలేదు. పంపేలా కూడా లేడు. విరిగిన పెద్ద గొడుగు కోసం ఇప్పుడు వీధి వీధీ అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక దర్జీ,
ఆత్మకూరు, నంద్యాల జిల్లా.