ఓడ యంత్రం ఆగితే ఏం దక్కుతుందో టికెట్ అమ్మేటప్పుడే చెప్పాలి

సంపాదకులకు,

అయ్యా,

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన గోదావరి జిల్లాల తల్లిదండ్రులకు ఇప్పుడు క్రూయిజ్ (విహార నౌకా యాత్ర) కూడా మామూలైపోయింది. డల్లాస్, హ్యూస్టన్ వాళ్లు గాల్వెస్టన్ నుంచి, మిగతావాళ్లు మయామీ నుంచి నాలుగైదు రోజుల యాత్రకు టికెట్లు తీస్తున్నారు. విశాఖలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమయ్యాక ఇక్కడా ఆసక్తి పెరిగింది. ఏ ప్రకటన చూసినా ఈతకొలను, బాల్కనీ గది, రకరకాల భోజనాలే. నడిసముద్రంలో యంత్రం మొరాయిస్తే కంపెనీ ఏం ఇస్తుందో, ఏం ఇవ్వనక్కర్లేదని ఒప్పందంలో రాసుకుందో మాత్రం అమ్మేవాళ్లు చెప్పరు. డబ్బు కట్టకముందే కొనేవాళ్లకు అది తెలియాలి.

ఈ పెద్ద నౌకల్లో చాలావాటిలో ఇంజను నేరుగా ప్రొపెల్లర్‌ను తిప్పదు. నాలుగు నుంచి ఆరు డీజిల్ జనరేటర్లు కరెంటు తీస్తాయి. ప్రొపెల్లర్ మోటార్లు, ఏసీ, వంటశాల అన్నీ ఆ కరెంటు మీదే ఆధారపడతాయి. మరుగుదొడ్లు కూడా అంతే. అవి నీళ్లు పోస్తే పోయేవి కావు, వాక్యూమ్ పంపు లాగితేనే పోతాయి. ఎమర్జెన్సీ జనరేటర్ ఉంటుంది కదా అని ధైర్యం చెబుతారు. సోలాస్ అనే అంతర్జాతీయ భద్రతా ఒప్పందం ప్రకారం ప్రయాణికుల నౌకలో అది 36 గంటలు పనిచేయాలి, నిజమే. కానీ అది దారిదీపాలకు, రేడియోకు, మంటలార్పే పంపుకు, అలాంటి అత్యవసరాలకు మాత్రమే. ఏసీకీ వంటకీ దొడ్లకీ అందులో వాటా లేదు.

2013 ఫిబ్రవరిలో గాల్వెస్టన్ నుంచి బయల్దేరిన కార్నివాల్ ట్రయంఫ్ అనే ఓడలో జరిగింది ఇదే. ఒక జనరేటర్ నుంచి ఇంధనం వెనక్కి వెళ్లే వంగే గొట్టం లీకై, వేడి భాగం మీద పడి అంటుకుంది. మంట ఆరింది, ప్రాణనష్టం లేదు, కానీ కరెంటు తిరిగి రాలేదు. సిబ్బందితో కలిపి 4,200 మందికి పైగా ఉన్న ఆ ఓడను టగ్గులు కట్టి అలబామాలోని మొబైల్ రేవుకు లాక్కొచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. దొడ్లు పొంగాయి, ఉక్క భరించలేక జనం డెక్ మీద పడుకున్నారు. కంపెనీ టికెట్ సొమ్ము వాపసు, మరో యాత్రకు క్రెడిట్, తిరుగు ప్రయాణం ఖర్చు ఇచ్చింది. వీటిపైన మనిషికి 500 డాలర్లు ఇచ్చింది. అన్ని రోజులు మురుగు మధ్య గడిపించినందుకు అది చాలా తక్కువ.

అందుకే టికెట్ తీసే ముందు ఓడ ఏ సంవత్సరం కట్టారో చూడమని నా మొదటి సలహా. సోలాస్ ప్రకారం 2010 జూలై 1 నుంచి కట్టిన, 120 మీటర్లు లేదా అంతకు మించి పొడవున్న ప్రయాణికుల నౌకల్లో, ఒక ఇంజన్ గది దెబ్బతిన్నా సొంత శక్తితో రేవు చేరగలగాలి. ఈలోగా జనానికి నీరు, తిండి, దొడ్డి సదుపాయం ఉండే చోటు చూపాలి. ట్రయంఫ్ 1999 నాటిది.

ఇంత పెద్ద ప్రమాదాలు అరుదు. తరచూ జరిగేది వేరు. ఓడ నడుస్తూనే ఉంటుంది, కానీ నెమ్మదిస్తుంది. చాలా నౌకల్లో అడుగున వేలాడే, ప్రొపెల్లర్ బిగించిన తొట్టిలో (దాన్నే పాడ్ అంటారు) మోటారు, బేరింగులు ఉంటాయి. బేరింగు సాధారణంగా ఒక్క పూటలో పోదు. కందెన నూనె నమూనాలో లోహపు రజను కనబడుతుంది, కంపనం పెరుగుతుంది. మార్చాలంటే చాలా నౌకలను డ్రై డాక్ (నీళ్లు తోడేసి ఓడ అడుగు మరమ్మతు చేసే చోటు) ఎక్కించాలి. అంత పెద్ద డాకులు తక్కువ, ఖాళీ ఎప్పుడో చూసుకుని ముందుగా పట్టుకోవాలి. ఈలోగా టికెట్ల అమ్మకం మాత్రం ఆగదు. లోపం తెలిసీ చెప్పకుండా అమ్మడం అన్యాయం.

వేగం లెక్క కూడా తెలుసుకోవాలి. ఓడ వేగం రెట్టింపు కావాలంటే సుమారు ఎనిమిది రెట్ల శక్తి కావాలి. కాబట్టి సగం శక్తి పోయినా ఐదింట నాలుగు వంతుల వేగం మిగులుతుంది. 22 నాట్లతో, అంటే గంటకు 22 నాటికల్ మైళ్లతో, పోయే ఓడ 17.5 దగ్గరికి వస్తుంది. రెండు రేవుల మధ్య 400 నాటికల్ మైళ్లుంటే 18 గంటల ప్రయాణం 23 గంటలవుతుంది. ఉదయం ఎనిమిదికి చేరాల్సింది మధ్యాహ్నం ఒంటిగంటకు చేరుతుంది. సాయంత్రం ఐదుకు మళ్లీ కదలాలి, తర్వాతి అంచె కూడా నెమ్మదే. అందుకే ఆ రేవునే ఎత్తేస్తారు. ఈ లెక్క వెయ్యడానికి కెప్టెన్‌కు పావుగంట చాలు. అలాంటప్పుడు ముందురోజు రాత్రి దాకా ప్రయాణికులకు చెప్పకపోవడానికి సాంకేతిక కారణమేదీ లేదు.

ట్రయంఫ్ గొడవ తర్వాత 2013 మేలో క్రూయిజ్ కంపెనీల సంఘం క్లియా పది అంశాల హక్కుల పత్రం ప్రకటించింది. యంత్రలోపంతో యాత్ర రద్దయితే పూర్తి సొమ్ము, మధ్యలో ముగిస్తే కొంత సొమ్ము, ఇంటికి లేదా అనుకున్న రేవుకు రవాణా, తెలియని ఊళ్లో రాత్రి ఆగాల్సొస్తే బస, మార్పుల గురించి సకాలంలో సమాచారం అందులో ఉన్నాయి. రేవులో కట్టిన ఓడలో తిండి, నీరు, దొడ్డి, వైద్యం సరిగా లేకపోతే దిగిపోయే హక్కూ ఉంది. అమెరికా ఫెడరల్ మారిటైమ్ కమిషన్ 2022లో ఇంకో నిబంధన అమల్లోకి తెచ్చింది. అక్కడి రేవుల్లో యాత్ర రద్దయినా, ఎక్కించుకోవడం మూడు రోజులు లేదా అంతకు మించి ఆలస్యమైనా వద్దనుకున్నవారికి సొమ్ము తిరిగివ్వాలి. అన్నిట్లోనూ ఒకటే కన్నం. యాత్ర సాగుతూనే ఉండి రేవులు మాత్రం పోతే ఏమిస్తారన్నది ఏ పత్రంలోనూ లేదు. రేవు మార్చే అధికారం మాదేనని ఒప్పందంలో ఉంటుంది. ఆ రేవు తాలూకు పన్నులు, రుసుములు వెనక్కి వేసి ఊరుకోవచ్చు.

పైగా ఇంకేమైనా ఇచ్చినా చాలాసార్లు డబ్బు రూపంలో ఇవ్వరు. ఒకటి ఓడలోనే ఖర్చుపెట్టుకోవాల్సిన క్రెడిట్, చాలాసార్లు యాత్ర ముగిసేలోగా వాడకపోతే పోతుంది. రెండోది వచ్చే యాత్రకు క్రెడిట్, దానికి గడువుంటుంది, చాలా సందర్భాల్లో వేరేవారికి బదిలీ కాదు. ఏళ్లకోసారి వీసా మీద వెళ్లే రాజోలు దంపతులకు ఏడాది గడువు కూపన్ ఎందుకు? అడగందే అమ్మయినా పెట్టదంటారు. గెస్ట్ సర్వీసెస్ బల్ల దగ్గర ‘కార్డుకు వాపసు చేయండి’ అని రాతపూర్వకంగా అడగాలి. గదిలో పెట్టే ప్రకటన కాగితాలు, రోజువారీ కార్యక్రమ పత్రం దాచుకోవాలి. గదిలో టీవీ మ్యాపు వేగం చూపిస్తుంటే తేదీ, సమయం కనబడేలా ఫొటో తీయాలి. దిగేముందు ఎన్ని గంటలు ఆలస్యమో, యంత్రలోపమే కారణమో రాసిమ్మనాలి. ఆ కాగితం లేకపోతే ప్రయాణ బీమా కంపెనీ ఆలస్యపు పరిహారం ఇవ్వడానికి నిరాకరించవచ్చు.

మందులు యాత్ర రోజుల కంటే ఐదు రోజులకు ఎక్కువ పెట్టుకోండి. వాడుకలో ఉన్న ఇన్సులిన్ చాలా రకాలు 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు నిలుస్తాయి. తెరవనివాటికి చల్లదనం కావాలి, గదిలో ఫ్రిజ్ కరెంటుతో పాటే ఆగుతుంది. ఓడ దిగిన రోజే తిరుగు విమానం పెట్టుకోవద్దు.

దావా వేద్దామంటే అదో చిక్కు. మాపై కేసు ఫలానా ఊళ్లోనే వేయాలన్న ఒప్పంద షరతు చెల్లుతుందని 1991లో అమెరికా సుప్రీంకోర్టు కార్నివాల్ కంపెనీకీ షూట్ అనే ప్రయాణికులకూ మధ్య కేసులో తేల్చింది. కాబట్టి అక్కడ పిల్లలు తీసిన టికెట్‌కు అక్కడి షరతులే అని అనుకోవాలి. ఇక్కడి ఏజెంటుకు డబ్బు కట్టి రసీదు తీసుకుంటే దారి సులువు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, రెండేళ్ల గడువుంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ముందుగా 1915కు ఫోన్ చేసి నమోదు చేయించుకోవచ్చు.

ఇదంతా మన గోదావరికీ వర్తిస్తుంది. 2019 సెప్టెంబరు 15 నాటి కచ్చులూరు విషాదం తర్వాత లైఫ్ జాకెట్ల మీద, అనుమతుల మీద దృష్టి పెరిగింది, మంచిదే. ఇంజను ఆగినప్పుడు ప్రయాణికుడి సంగతేమిటన్నది అలాగే ఉంది. నది నీటితో చల్లబడే ఇంజనైతే, వరద రోజుల ఎర్రనీటిలో ఒండ్రు, కాలువల్లో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు జల్లెడకు అడ్డం పడతాయి. నీరందక పంపులో నీటిని తోసే రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లర్) నిమిషాల్లో కాలుతుంది, రెక్కలు తెగి గొట్టాల్లో ఇరుక్కుంటాయి. ఆ ముక్కలు ఏరకుండా కొత్తది బిగిస్తే మళ్లీ వేడెక్కి ఆగుతుంది. పాపికొండల ఇరుకులో లోతు ఎక్కువ, చిన్న లంగరు తాడు అడుగుకు అందదు. కాబట్టి ప్రతి లాంచీలో ఒక ఇంపెల్లర్, గాస్కెట్, రెండు డీజిల్ ఫిల్టర్లు, ఒక బెల్టు, లాగడానికి 50 మీటర్ల మోకు ఉన్నాయా అని రేవులోనే చూడాలి. సెల్ సిగ్నల్ అందని చోట్లున్నాయి కనుక వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు పలుకుతోందో లేదో కూడా అక్కడే పరీక్షించాలి. ఇంపెల్లర్ లేని లాంచీని కదలనివ్వకూడదు.

డబ్బు విషయంలో యూరప్ పద్ధతి మనకు సరిపోతుంది. అక్కడ 1177/2010 నిబంధన కింద నాలుగు గంటల లోపు ఫెర్రీ ప్రయాణంలో చేరడం గంట ఆలస్యమైతే టికెట్‌లో నాలుగో వంతు, రెండు గంటలు దాటితే సగం తిరిగివ్వాలి. వాతావరణం కారణమైతే ఇవ్వనక్కర్లేదు. బయల్దేరడం గంటన్నర దాటి ఆలస్యమైతే తిండి, నీళ్లు పెట్టాలి. ఇలాంటి నాలుగు వాక్యాలు పాపికొండల లాంచీ టికెట్ వెనకా, దిండి హౌస్‌బోటు రసీదు మీదా తెలుగులో అచ్చువేయించాలి. హౌస్‌బోటులో జనరేటర్ ఆగి రాత్రంతా ఏసీ లేకపోతే అద్దెలో ఎంత తగ్గిస్తారో అంకె వేయాలి. క్రూయిజ్ ప్యాకేజీలు అమ్మే ఏజెంట్లు కూడా రేవు పోతే ఏమిస్తారో ఒక పేజీలో రాసి సంతకం చేసివ్వాలి. పర్యాటక శాఖ అధికారులు వచ్చే సీజన్ లైసెన్సులు పునరుద్ధరించేటప్పుడే ఈ షరతు పెట్టవచ్చు.

– విశ్రాంత మెరైన్ ఇంజినీరు,
నరసాపురం