బిడ్డను తూచారు, తల్లిని అడగలేదు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయికి ఇది తొలి కాన్పు. పురుటికి మర్రిపాలెంలోని మా ఇంటికే వచ్చింది. కాయం, వెల్లుల్లి కారం, సాంబ్రాణి పొగ, అన్నీ మా అమ్మ నాకు చేసినట్టే చేశాను. లోటు చేశానని ఇప్పటికీ అనుకోను. అయినా ఇరవై రోజులు దాటాక ఒకనాడు అమ్మాయి నైటీ తిరగేసి తొడుక్కుని మధ్యాహ్నం దాకా అలాగే తిరిగింది. ఇంట్లో నలుగురం ఉన్నాం, ఎవరి కంటా పడలేదు. అందరి చూపూ ఉయ్యాల మీదే. బిడ్డ నిద్రపోయినా తను పడుకునేది కాదు, బాత్రూంలో కొళాయి తిప్పి ఏడ్చేది. "పచ్చి బాలింతవి, ఏడిస్తే పాలు తగ్గిపోతాయి" అని కసిరాను. అదే ఓదార్పు అనుకున్నాను మరి!

ఒకటిన్నర నెలకి టీకాకి తీసుకెళ్లాం. బిడ్డను తూచి బరువు కార్డులో రాశారు. "పాలు సరిపోతున్నాయా?" అనడిగితే అమ్మాయి "ఊఁ" అంది. అంతే. ఆ సిస్టర్‌ను తప్పుపట్టను, బయట ఇంకా బోలెడంత మంది పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. కానీ తల్లికి నిద్ర పడుతోందా, దిగులుగా ఉందా అనడిగే గడి మా అమ్మాయి కార్డులో ఎక్కడా లేదు.

కాన్పయిన కొత్తలో ఊరికే కళ్లనీళ్లు రావడం చాలామందికి ఉండేదే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ప్రసవించినవాళ్లలో నూటికి 13 మందికి మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్, వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనలాంటి దేశాల్లో ఆ లెక్క 20కి దగ్గర. దీన్ని పసిగట్టడానికే 1987లో బ్రిటన్‌లో 10 ప్రశ్నల పట్టిక ఒకటి తయారైంది. ఐదు నిమిషాల పని. 6, 10, 14 వారాల టీకాలకు తల్లి ఎలాగూ బిడ్డనెత్తుకుని వస్తుంది. కేంద్రం నడిపే మాతృ వందన పథకంలో తొలి కాన్పుకిచ్చే 5,000 రూపాయల్లో రెండో విడత 2,000 పడేది కూడా ఆ టీకాలు పూర్తయ్యాకే. మన విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పరిధిలోని ఆరోగ్య కేంద్రాల్లో ఆ పది ప్రశ్నలూ అప్పుడే తెలుగులో అడగండి. అత్తగారినీ, నాలాంటి అమ్మనూ కాసేపు బయట కూర్చోబెట్టి అడగండి.

మా అమ్మాయిని మానసిక వైద్యుడికి చూపిద్దామని అల్లుడంటే వద్దన్నది నేనే. మన ఊళ్లో మానసిక ఆసుపత్రి ఉన్నది చినవాల్తేరులో, 'చినవాల్తేరు' అన్న మాటే ఒక వెక్కిరింత కదా. చంకలో పసిబిడ్డతో ఆ ఆసుపత్రి గేటు దాటడానికి ఎవరికి కాళ్లాడతాయి? అక్కడి డాక్టరొకరు వారానికో పూట ఘోషాసుపత్రిలో, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో ప్రసూతి వార్డు పక్కనే కూర్చునే ఏర్పాటు చేస్తే ఈ చిక్కు తీరుతుంది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. టీకాల గది గోడ మీద కనీసం ఆ నంబరైనా రాయించండి.

చివరికి డాక్టరుకు చూపించాం, మందులిచ్చారు. మిగతాది మా కింది ఫ్లాట్ అమ్మాయి చలవ. రోజూ నాలుగింటికి వచ్చి బిడ్డను అందుకుని "నువ్వెళ్లి తలంటుకో అక్కా" అనేది. సలహా ఒక్కటీ చెప్పలేదు. తనది శ్రీకాకుళం దగ్గర పల్లె. తన కాన్పప్పుడు వాళ్లమ్మ పొలం పనులు వదిలి పది రోజులకు మించి ఉండలేకపోయిందట. మధురవాడ, కొమ్మాది అపార్ట్‌మెంట్లలో ఇలాంటి ఒంటరి బాలింతలు ఎందరో. భర్త ఉంటాడు కదా అంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల సెలవుంది, ప్రైవేటువాళ్లకు అలాంటి చట్టమే లేదు. మా అల్లుడు మూడో రోజే డ్యూటీకెళ్లాడు.

మనవరాలికి 14 వారాల టీకా వచ్చే బుధవారం. అమ్మాయి తనే తీసుకెళ్తానంటోంది, నన్ను రావద్దంది.

— ఒక అమ్మమ్మ, మర్రిపాలెం, విశాఖపట్నం