సఖినేటిపల్లి రేవులో మా నాన్నని ఆదుకున్న అన్నయ్యకి

మొన్న ఆదివారం సఖినేటిపల్లి రేవు దగ్గర మా నాన్న తూలిపోతుంటే పట్టుకున్న అన్నయ్యా, ఆ టెన్షన్‌లో మీ పేరు కూడా అడగలేదు, అందుకే ఇలా రాస్తున్నాను.

నాన్నకి పదేళ్లుగా షుగర్. పొద్దున్నే మాత్ర వేసుకుని, టిఫిన్ తినకుండా గాలం పట్టుకుని వశిష్ఠ గోదావరి గట్టుకి వెళ్లిపోతారు, అమ్మ ఎంత అరిచినా వినరు. ఆ రోజూ అంతే, జెల్లలు పడుతున్నాయని ఎండెక్కేదాకా కూర్చున్నారు. ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు, మాట తడబడుతోంది. నేను ఎండదెబ్బేమో అనుకుని మంచినీళ్లు పట్టిస్తున్నాను. మీరే చూసి "షుగర్ ఉందా? డౌన్ అయినట్టుంది" అని సంచిలోంచి కూల్‌డ్రింక్ తీసి తాగించారు, తర్వాత అత్తారింటికి కొనుక్కెళ్తున్న ఆత్రేయపురం పూతరేకుల పెట్టె కూడా విప్పేశారు. పావుగంటకి తేరుకున్న నాన్న మొదట అడిగింది చేపల బుట్ట ఎక్కడని!

మాతో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతలి ఒడ్డున నరసాపురం ఆసుపత్రి దాకా వచ్చారు. అక్కడ చూస్తే 74. అంతకుముందు ఎంతకి పడిపోయిందో తలుచుకుంటేనే భయం, 70 కంటే తగ్గితే ప్రమాదమన్నారు డాక్టరుగారు. మందులు తీసుకుని బయటికొచ్చేసరికి మీరు లేరు.

ఇప్పుడు నాన్న చొక్కా జేబులో పంచదార పొట్లం ఉంటోంది. పూతరేకుల బాకీ మాకు అలాగే ఉంది. పులస అని మాటివ్వలేను గానీ, జెల్లల పులుసుకి మాత్రం తప్పకుండా రండి.