జులైలో ఏ కొండబాట ఎక్కుదాం

డెన్వర్,
ఏప్రిల్ 12

నాయనకూ అమ్మకూ నమస్కారాలు.

రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో నడవాలని నాయన రాసి పంపిన బాటలు చూశాను. అన్నీ దూరం చూసి ఏరినట్టుంది. శ్రీవారి మెట్టు రెండు కిలోమీటర్ల పైచిలుకు, అలిపిరి దారి తొమ్మిది దాకా. అయినా మోకాళ్లు ముందు పట్టేసేది శ్రీవారి మెట్టులోనే కదా! ఇక్కడా అదే లెక్క. పైకి ఎన్ని అడుగులు ఎక్కాలో చూసి, దాన్ని పోయేటప్పటి మైళ్లతో భాగించండి. మైలుకు నాలుగు వందల అడుగుల లోపైతే మీకు సరిపోతుంది. ఐదు వందలు దాటితే మెట్లెక్కినట్టే.

జెమ్ లేక్, ఎమరాల్డ్ లేక్ రెండూ రానుపోను ఇంచుమించు మూడున్నర మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్లు. జెమ్‌కు ఎక్కుడు వెయ్యి అడుగులు, ఎమరాల్డ్‌కు 650. మైలుకు చూస్తే ఒకటి 590, ఇంకొకటి 370. జెమ్ బాటలో ఎండ కూడా ఎక్కువ, అది వద్దు. లోక్ అనే సరస్సు దారి మైలుకు 330 అడుగులే గానీ రానుపోను ఆరు మైళ్లు, ఐదు గంటల పని. ఈసారికి అదీ వద్దు.

నేనైతే ఎమరాల్డ్ అంటాను. బయలుదేరే బేర్ లేక్ దగ్గరే ఎత్తు 9,450 అడుగుల పైన, సముద్రం పక్కనున్న మన కావలి ఊరి మనిషికి అది చిన్న విషయం కాదు. కానీ ఆ బాటలో అర మైలుకు నింఫ్ లేక్, మైలు దాటాక డ్రీమ్ లేక్ వస్తాయి. ఆయాసం వస్తే ఎక్కడైనా వెనక్కి తిరగొచ్చు, చూసింది చూసినట్టే ఉంటుంది. అమ్మకు మరీ కష్టమనిపిస్తే ఆల్బర్టా జలపాతం ఉంది, రానుపోను మైలున్నర, ఎక్కుడు రెండు వందల అడుగులే.

పదివేల అడుగుల దగ్గర గాలిలో ఆక్సిజన్ మన ఊరితో పోలిస్తే మూడో వంతు తక్కువ. అందుకే దిగిన మర్నాడే కొండకు పోము. రెండు రోజులు డెన్వర్‌లో (5,280 అడుగులు), ఒక రాత్రి కొండల దగ్గరి ఎస్టెస్ పార్క్ అనే ఊళ్లో (7,500) ఉండి అప్పుడు పోదాం. తలనొప్పి, వికారం మొదలైతే కూర్చుని సర్దుకుంటుందిలే అనుకోకూడదు, కిందికి దిగడమే మందు. నాయన బీపీ మాత్రల సంగతి డాక్టరుతో ముందే మాట్లాడండి.

వేళ లెక్క ఇది: మూడు మైళ్లకు గంట, రెండు వేల అడుగుల ఎక్కుడుకు ఇంకో గంట. ఎమరాల్డ్‌కు గంటన్నర వస్తుంది. ఎత్తుకూ మన వయసులకూ దాన్ని రెట్టింపు చేసుకోండి, మూడు గంటలు. జులైలో మధ్యాహ్నం దాటితే ఉరుములు, పిడుగులు. పొద్దున ఏడింటికల్లా నడక మొదలుపెడితే పదకొండు లోపు కారు దగ్గరుంటాం. బేర్ లేక్ రోడ్డుకు వేసవిలో వేళ చూసి ఇచ్చే పర్మిట్ ఉంటుంది, అది నేను చూసుకుంటాను.

బూట్లు ఇప్పుడే కొని, కొండబిట్రగుంట కొండ వారానికి రెండుసార్లు ఎక్కి దిగండి. కొత్త బూట్లతో వస్తే మొదటి మైలుకే మడమ బొబ్బలెక్కుతుంది. అర సైజు పెద్దవి తీసుకోండి, లేకుంటే దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగిలి గోళ్లు నల్లబడతాయి. నూలు బనీను వద్దు, చెమటకు తడిసి ఆరదు, గాలి కొడితే వణుకు. పొద్దున మన సంక్రాంతి చలి కంటే ఎక్కువే ఉంటుంది, స్వెట్టరు పెట్టుకోండి.

మనిషికి లీటరున్నర నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగకూడదు, కడుపు పాడుచేసే క్రిమి ఉంటుంది. పల్లీ ఉండలు అమ్మ చేసి తెస్తే మేలు, ఇక్కడ దొరికే ఎనర్జీ బార్లు మీకు నచ్చవు. ఉడతలు దగ్గరికొచ్చి చేతులు చాస్తాయి, పెట్టకూడదు, జరిమానా.

పర్మిట్‌కు తేదీ కావాలి. టికెట్లు తీయగానే రాయండి.

మీ అబ్బాయి