అమరావతి రాళ్లు లండన్‌లో చూడాల్సొచ్చింది

ఎడిటర్ గారికి నమస్తే. మా అమ్మాయి లండన్‌లో స్లేడ్ స్కూల్‌లో ఫైన్ ఆర్ట్ చదువుతోంది అంటే చుట్టాలందరూ బొమ్మలేయడానికి అంత దూరం ఎందుకండీ అంటారు. 1871లో పెట్టిన కాలేజీ అది, స్టూడియోలో పెయింటింగ్ ఒక్కటే కాదు, ఆర్ట్ హిస్టరీ కూడా చదివి వ్యాసాలు రాయాలి. అక్కడి నుంచి నడిచెళ్లే దూరంలోనే బ్రిటిష్ మ్యూజియం, మన అమరావతి స్తూపం రాళ్లు 1880 నుంచి అందులోనే ఉన్నాయి. మొన్న వీడియో కాల్‌లో ఒక పలకని చూసి పెన్సిల్‌తో వేసుకున్న బొమ్మ చూపించింది, తామరపువ్వు రేకులు ఎంత సన్నగా చెక్కారో, గీస్తుంటే చెయ్యి నొప్పెట్టింది నాన్నా అంది. గుంటూరులో పెరిగిన పిల్ల, అమరావతి గంట దూరం, స్కూల్ వాళ్లు ఒక్కసారీ తీసుకెళ్లలేదు, నేనూ తీసుకెళ్లలేదు, అదే నా బాధ. మన ఇంటర్‌లో ఆర్ట్ హిస్టరీ ఒక సబ్జెక్టుగా పెట్టాలి సార్, మీ పేపర్లో దీని గురించి గట్టిగా రాయండి.

ఒక తండ్రి, గుంటూరు